ఇంజిన్ పేరులో నంబర్ ఒకటి, దాని దమ్ము ఇంకొకటి

ఈ ఎపిసోడ్ చిన్న విమానాల ఇంజిన్ల మీద. పెద్ద పెద్ద జెట్ల సంగతి ఇంకోసారి చూద్దాం. ఇవాళ మాట్లాడేది ముందర పంకా తిరిగే విమానాల గురించి, అంటే ఫ్లయింగ్ స్కూల్లో పైలట్ అయ్యేవాళ్లు మొట్టమొదట ఎక్కే వాటి గురించి. వాటి ఇంజిన్లకు వింత వింత పేర్లు ఉంటయ్. ఓ-320, సీ90, ఐఓ-360-ఎల్2ఏ, ఏఈఐఓ-540-డీ4బీ5. వైఫై పాస్‌వర్డ్ లెక్క ఉన్నయ్ కదా. ఈ పేరులో నంబర్ చూసి ఇంజిన్ బలం చెప్పొచ్చా? ఆ ప్రశ్న మీదనే ఈ కథ అంతా నడుస్తది.

మన జనగామ దిక్కు దీన్ని వేరే రకంగా ఎరుగుదురు. బోరు మోటర్ మీద ప్లేట్ ఉంటది, 5 హెచ్‌పీ అని. కానీ కరెంట్ లో వోల్టేజీలో వచ్చిన రోజు ఆ మోటర్ ఎంత నీళ్లు పోస్తదో రైతుని అడగండి. ప్లేట్ మీద 5 అట్లనే ఉంటది, కాలువలో నీళ్లు మాత్రం సన్నబడతయ్. భూపాలపల్లి దగ్గర చెల్పూరు కాకతీయ థర్మల్ ప్లాంట్ తీసుకున్నా అదే లెక్క: 500 మెగావాట్లు ఒక యూనిట్, 600 మెగావాట్లు ఇంకో యూనిట్. అది కట్టిన సామర్థ్యం. ఏ రోజు ఎంత వస్తదన్నది బొగ్గు, నీళ్లు, రిపేర్లు, గ్రిడ్ డిమాండ్ మీద ఉంటది. ప్లేట్ మీది నంబర్ ఎప్పుడూ ఒక షరతుతో కూడిన మాట. షరతు చిన్న అక్షరాల్లో ఉంటది, లేదా అసలు రాసే ఉండదు.

పొలంలో ఆ తేడా వస్తే మడి ఎండుతది. గాల్లో వస్తే ఏమైతదో 1917లో తెలిసింది. ఆ కథలో మన హైదరాబాద్ సంస్థానం డబ్బులు కూడా ఉన్నయ్, అందుకే అక్కడి నుంచి మొదలుపెడుతున్నా.

మొదటి ప్రపంచ యుద్ధం నడుస్తోంది. బ్రిటన్‌కి జర్మనీ లోపలికి పోయి బాంబులు వేసి వచ్చే విమానాలు కావాలి. అప్పటికే డీహెచ్-4 అనే మంచి విమానం ఉంది. దాన్ని మెరుగుచేసి డీహెచ్-9 తెద్దామనుకున్నరు. డీహెచ్ అంటే డిజైన్ చేసిన జెఫ్రీ డి హావిలాండ్ పేరు. దానికి పెట్టబోయే కొత్త ఇంజిన్ పేరు బీహెచ్‌పీ.

ఇక్కడే మొదటి తమాషా. బీహెచ్‌పీ అనంగానే మన బీటెక్ బుర్రలకు బ్రేక్ హార్స్‌పవర్ అనిపిస్తది. కాదు! బియర్డ్‌మోర్, హాల్‌ఫోర్డ్, పుల్లింజర్ అని ముగ్గురి పేర్ల మొదటి అక్షరాలు అవి. ఇంజిన్ల చరిత్రలో ఇంతకంటే తికమక పేరు నాకైతే కనపడలేదు. ఈ ముగ్గురిలో ఫ్రాంక్ హాల్‌ఫోర్డ్ అనే కుర్రాడిని గుర్తుపెట్టుకోండి, మళ్లీ మన బేగంపేట దాకా వస్తడు.

ఆరు సిలిండర్లు, దాదాపు 19 లీటర్ల ఇంజిన్. 300 హార్స్‌పవర్ ఇస్తదని ఆశ పెట్టుకున్నరు. ఆ 300ని నమ్మి విమానం డిజైన్ చేసిన్రు, ఆర్డర్లు వేల సంఖ్యలో ఇచ్చేసిన్రు, ఫ్యాక్టరీలను దాని మీదకే మళ్లించిన్రు. దీన్ని పెద్ద ఎత్తున తయారుచేసే పని సిడ్లీ-డీసీ కంపెనీకి వచ్చింది, అక్కడ దాని పేరు ప్యూమా అయింది. తీరా తయారుచెయ్యబోతే అల్యూమినియం సిలిండర్ బ్లాకుల పోత సరిగ్గా కుదరలే. నమ్మకంగా నడవాలంటే ఇంజిన్‌ని తగ్గించి నడపాల్సి వచ్చింది. ఎంతకు? 230కి.

300 అనుకున్న చోట 230. నాలుగో వంతు గాయబ్. సాఫ్ట్‌వేర్‌లో పనిచేసినప్పుడు నాకు ఇట్లాంటివి బాగా అలవాటు. స్లైడ్‌లో ఒక నంబర్, ప్రొడక్షన్‌లో ఒక నంబర్. కానీ అక్కడ సర్వర్ స్లో అయితే కస్టమర్ తిడతడు, అంతే. ఇక్కడ లోపల ఇద్దరు మనుషులు కూర్చుంటరు, ముందు పైలట్, వెనక గన్నర్. డీహెచ్-9 తాను తప్పించాల్సిన పాత డీహెచ్-4 కంటే తక్కువ ఎత్తుకు పోయింది, తక్కువ స్పీడుతో పోయింది. జర్మన్ ఫైటర్లు పైనుంచి వచ్చి కొట్టేవి. సైన్యంలో పెద్దోళ్లు మాకు ఇది వద్దన్నరు. అప్పటికి ఫ్యాక్టరీలు తిరిగిపోయినయ్, వెనక్కి మళ్లించే టైం లేదు. 99, 104 అనే రెండు స్క్వాడ్రన్లకు ఇవే ఇచ్చి 1918లో జర్మనీ మీదకు పంపిన్రు. యుద్ధం ముగిసే సరికి ఆ రెండింటివే 54 విమానాలు శత్రువు చేతిలో కూలినయ్, ఇంకో 94 ప్రమాదాల్లో పోయినయ్.

ఆ అంకెలన్నీ ఇంజిన్ మీదకే తోసేయలేం. అప్పటి యుద్ధమే అట్లాంటిది. కానీ ఎత్తుకు పోలేని విమానంలో మనుషుల్ని కూర్చోబెట్టడానికి మూల కారణం మాత్రం ఆ 70 హార్స్‌పవర్ అబద్ధమే. అబద్ధం అంటే కావాలని చెప్పింది కాదు. టెస్ట్ బెంచ్ మీద ఒకటి రెండు ఇంజిన్లు ఇచ్చిన ఆశని ఫ్యాక్టరీ నుంచి వచ్చే వేల ఇంజిన్ల మాటగా నమ్మడం. నా లెక్కలో అది అబద్ధం కంటే ప్రమాదం.

ఇప్పుడు హైదరాబాద్ వస్తది.

డీహెచ్-9ని బాగుచెయ్యాలంటే ఇంజిన్ మార్చాలి. అమెరికాలో 1917 వేసవిలో లిబర్టీ అని ఒక ఇంజిన్ పుట్టింది. ఇద్దరు ఇంజినీర్లని వాషింగ్టన్‌లో ఒక హోటల్ గదిలో కూర్చోబెడితే ఐదారు రోజుల్లో డిజైన్ గీసిన్రు. 12 సిలిండర్లు, 27 లీటర్లు, 400 హార్స్‌పవర్. ఆ 400 కాగితం మీదిది కాదు, నిజంగనే ఇచ్చేది. దాన్ని పెట్టి, రెక్కలు పెద్దవి చేసి, వెస్ట్‌లాండ్ కంపెనీ తయారుచేసిన విమానమే డీహెచ్-9ఏ. పేరులో తేడా చూడండి: ఒక్క అక్షరం. చివర ‘ఏ’. ఆ ఒక్క అక్షరంలో 170 హార్స్‌పవర్ ఉంది.

ఈ డీహెచ్-9ఏలు అందుకున్న మొట్టమొదటి స్క్వాడ్రన్ రాయల్ ఎయిర్ ఫోర్స్ 110వ స్క్వాడ్రన్. దాని పూర్తి పేరు 110 హైదరాబాద్ స్క్వాడ్రన్. ఎందుకంటే దాని విమానాలకు డబ్బు ఇచ్చింది ఏడో నిజాం మీర్ ఉస్మాన్ అలీ ఖాన్. ఒక్కో విమానం మీద ఇది హైదరాబాద్ నిజాం బహూకరించినది అని రాసి, హైదరాబాద్ అని పేరు, నంబర్ వేసిన్రు. రెండో ప్రపంచ యుద్ధంలో 152, 253 స్క్వాడ్రన్లకు కూడా హైదరాబాద్ పేరు చేరింది.

నిజాం డబ్బు అంటే ఎవరి డబ్బు? సంస్థానం ఖజానా నిండింది ఎక్కువగా భూమి శిస్తుతోనే. అప్పట్లో జనగామ నల్లగొండ జిల్లాలో తాలూకా. మానుకోట, భూపాలపల్లి ప్రాంతాలు వరంగల్ వైపు. మోట కొట్టి నీళ్లు తోడి పండించిన జొన్నల మీద శిస్తు కట్టిన మన తాతల తాతలకు, ఆ పైసల్లో కొంత ఫ్రాన్స్‌లో ఎగురుతున్న లిబర్టీ ఇంజిన్‌గా మారిందని తెలిసే అవకాశమే లేదు. అదే జనగామ తాలూకాలో 1946లో దొడ్డి కొమురయ్య తూటాకు పడిపోయిన కథ మీకు తెలుసు. ఆ లెక్కలో చూస్తే ఈ బహుమానాన్ని మన గర్వకారణంగా చెప్పే వీడియోలు నాకు అంతగా మింగుడుపడవు. కానీ చరిత్ర చరిత్రే, ఆ విమానాలు మన పేరుతో ఎగిరినయ్.

110 స్క్వాడ్రన్ 1918 సెప్టెంబర్ 14న మొదటి దాడికి పోయింది. నవంబర్ 11న యుద్ధం ఆగింది. ఆ రెండు నెలల్లోనే శత్రు భూభాగం మీద 17 విమానాలు పోగొట్టుకుంది. నిజమైన 400 హార్స్‌పవర్ ఉన్నా సరే! ఫైటర్ల కాపలా లేకుండా పట్టపగలు అంత దూరం పోయి రావడం అంటే అదే. ఇంజిన్ బలం అవసరమే, అదొక్కటే మనుషుల్ని ఇంటికి తేదు.

ఆ పోయినవాటిలో ఒకటి ఎఫ్1010. దాని మీద హైదరాబాద్ 12ఏ అని ఉంటది. 1918 అక్టోబర్‌లో జర్మన్ల చేతికి చిక్కింది. బెర్లిన్ మ్యూజియంలో పెట్టిన్రు, రెండో యుద్ధంలో పోలండ్ చేరింది. 1977లో బ్రిటన్ వాళ్లు ఒక స్పిట్‌ఫైర్ ఇచ్చి దీన్ని తీసుకున్నరు. ఇప్పుడు లండన్‌లో రాయల్ ఎయిర్ ఫోర్స్ మ్యూజియంలో ఉంది. ఎవరైనా లండన్‌లో చదువుకుంటుంటే పోయి చూడండి, పక్కన హైదరాబాద్ పేరు చదివి ఫొటో పంపండి. పాపం ఆ బలహీనమైన ప్యూమా డీహెచ్-9లు కూడా కొన్ని మిగిలినయ్. యుద్ధం అయ్యాక ఇండియాకు వచ్చినవి బికనీర్ కోటలో ఏనుగుల శాలలో దుమ్ముపట్టి దొరికినయ్. బ్రిటన్‌లో బాగుచేసి అందులో ఒకదాన్ని 2019లో మళ్లీ గాల్లోకి లేపిన్రు.

సరే, హాల్‌ఫోర్డ్. యుద్ధం తర్వాత ఆయన చిన్న ఇంజిన్ల వైపు వచ్చిండు. మిగిలిపోయిన రెనో వీ8 ఇంజిన్ల భాగాలు తీసుకుని, సగానికి కోసినట్టు చేసి, నాలుగు సిలిండర్ల సిర్రస్ అనే ఇంజిన్ చేసిండు. 60 హార్స్‌పవర్. తర్వాత 1927లో డి హావిలాండ్ కోసం జిప్సీ. దాన్ని తలకిందులు చేసి, అంటే సిలిండర్లు కిందికి వేలాడేట్టు పెట్టి, కొంచెం పెంచితే జిప్సీ మేజర్ వచ్చింది. టైగర్ మాత్ విమానంలో ఉండేది అదే. రెండో ప్రపంచ యుద్ధ కాలంలో బేగంపేటలో పైలట్ ట్రైనింగ్ స్కూల్ నడిచింది, అక్కడ కుర్రాళ్లు మొదట ఎక్కింది టైగర్ మాతే.

జిప్సీ మేజర్ పేరులో అసలు నంబరే లేదు. బ్రిటిష్ వాళ్లకు అట్ల ముద్దు పేర్లు ఇష్టం. పుస్తకాల్లో 130 హార్స్‌పవర్ అని ఉంటది. అది 2,350 ఆర్‌పీఎం దగ్గర, గరిష్ఠంగా. రోజువారీ 2,100 దగ్గర అయితే 120 చిల్లర. ఏది నిజం? రెండూ నిజమే.

ఇది మీ ఫోన్ చార్జర్‌తో చెప్తే వెంటనే అర్థమైతది. డబ్బా మీద 67 వాట్స్ అని ఉంటది. ఆ 67 ఎంతసేపు లాగుతది? బ్యాటరీ ఖాళీగా, చల్లగా ఉన్నప్పుడు కొన్ని నిమిషాలు. తర్వాత తగ్గించుకుంటది. విమాన ఇంజిన్లకూ టేకాఫ్ రేటింగ్, ఎంతసేపైనా నడపగల రేటింగ్ అని వేర్వేరుగా ఉంటయ్. తేడా ఏందంటే విమానాల్లో రెండూ రాతపూర్వకంగా, సర్టిఫికెట్ మీద ఉంటయ్. ఫోన్ కంపెనీలు ఆ పని ఎప్పుడు చేస్తయో.

స్వాతంత్ర్యం వచ్చాక హిందుస్థాన్ ఎయిర్‌క్రాఫ్ట్ వాళ్లు టైగర్ మాత్ స్థానంలో హెచ్‌టీ-2 చేసిన్రు. డాక్టర్ వి.ఎం. ఘాట్గే డిజైన్, మొదటిసారి ఎగిరింది 1951 ఆగస్టు 5న. దానికి పెట్టిన ఇంజిన్ సిర్రస్ మేజర్, 155 హార్స్‌పవర్. అంటే హాల్‌ఫోర్డ్ మొదలుపెట్టిన వంశంలోదే. 300 అని మాట ఇచ్చి 230 దగ్గర ఆగిన మనిషి వంశం మన పైలట్లకు ఇన్నేళ్లు నమ్మకంగా పనిచేసింది. అది కూడా చెప్పాలి కదా.

తర్వాత అమెరికన్ ఇంజిన్లు వచ్చినయ్, వాటితోపాటు నంబర్ల గోల వచ్చింది.

1958లో పుష్పక్ అనే చిన్న రెండు సీట్ల విమానం మన దగ్గరే తయారైంది, దేశమంతా ఫ్లయింగ్ క్లబ్బులకు పోయింది. ఇంజిన్ కాంటినెంటల్ సీ90-8ఎఫ్. ఇక్కడ 90 అంటే నిజంగనే 90 హార్స్‌పవర్. కాంటినెంటల్ వాళ్లు అప్పట్లో పవర్‌నే పేరుగా పెట్టేవాళ్లు: ఏ65 అంటే 65, సీ85 అంటే 85. 8 అంటే స్టార్టర్, జనరేటర్ లేని రకం, ప్రొపెల్లర్ చేత్తో తిప్పి స్టార్ట్ చెయ్యాలి. ఎఫ్ అంటే ప్రొపెల్లర్‌ని బోల్టు చేసే ఫ్లాంజ్. మస్తు సింపుల్.

తర్వాత అదే కంపెనీ ఓ-200 అని తెచ్చింది. 90 నుంచి 200కి పోయిందని సంబరపడకండి. ఓ-200 ఇచ్చేది 100 హార్స్‌పవర్. 200 అనేది ఇంజిన్ సైజు, క్యూబిక్ అంగుళాల్లో. పల్సర్ 150లో 150 అంటే సీసీ అయినట్టే. ఇంకా నవ్వొచ్చే విషయం, పాత సీ90 సైజు కూడా అంతే, 201 క్యూబిక్ అంగుళాలు. సైజు మారలే, పేరు పెట్టే పద్ధతి మారింది. ఓ అంటే సిలిండర్లు ఎదురెదురుగా పడుకుని ఉండే ఇంజిన్. ఐ అంటే ఫ్యూయల్ ఇంజెక్షన్. టీ ఉంటే టర్బో. ఏఈ అంటే ఏరోబాటిక్, తలకిందులుగా ఎగిరినా ఆయిల్ అందేది. ఒక క్యూబిక్ అంగుళం అంటే 16.4 సీసీ. కాబట్టి లైకమింగ్ ఓ-320 అంటే 5,200 సీసీ పైనే.

అట్ల అయితే 5,200 సీసీకి పవర్ ఎంత ఉండాలె? మన బుల్లెట్ 350 సీసీకి 20 ఇస్తది. ఆ లెక్కన 300 రావాలి. ఓ-320 ఇచ్చేది 150, ఇంకో రకంలో కంప్రెషన్ పెంచితే 160. ఏందిది, ఇంత సైజుకి ఇంతేనా అని అడిగే బైక్ పిల్లలు చాలామంది ఉంటరు. కారణం ఆర్‌పీఎం. ప్రొపెల్లర్‌ని నేరుగా క్రాంక్‌షాఫ్ట్‌కే బిగిస్తరు. దాని కొసలు ధ్వని వేగం దగ్గరికి పోతే గాలిని తోయడం మానేసి మోత మోగించడమే చేస్తయ్. అందుకే 2,700 దగ్గర ఆపేస్తరు. పైగా బైక్‌ని మీరు ఫుల్ థ్రాటిల్‌లో ఎన్ని నిమిషాలు నడుపుతరు? విమానం ఇంజిన్ గంటలకొద్దీ ముప్పావు వంతు బలంతో నడవాలి.

ఆర్‌పీఎం ఎంత పెద్ద విషయమో ఒక్క ఉదాహరణ చాలు. దీని కోసమే ఈ ఎపిసోడ్ చేస్తున్నా అనుకోండి. సెస్నా 172 ప్రపంచమంతా పైలట్లకు ఓనమాలు నేర్పే విమానం, మన దేశం స్కూళ్లలో కూడా ఉంది. అందులో 172ఆర్ అని ఒక మోడల్, 172ఎస్ అని ఇంకో మోడల్. ఆర్‌కి 160 హార్స్‌పవర్, ఎస్‌కి 180. ఇప్పుడు బానెట్ తీసి ఇంజిన్ ప్లేట్ చదవండి. రెండింట్లో ఐఓ-360-ఎల్2ఏ. ఒకటే ఇంజిన్, ఒకటే పేరు, చివరి అక్షరం దాకా!

ఎట్ల? ఆర్‌ని 2,400 ఆర్‌పీఎం దగ్గర ఆపుతరు, ఎస్‌ని 2,700 దాకా పోనిస్తరు. 2,400ని 160తో భాగించండి. 15. 2,700ని 180తో భాగించండి. 15. ఫోన్‌లో క్యాలిక్యులేటర్ తీసి చూడున్రి. ప్రతి 15 చుట్లకు ఒక హార్స్‌పవర్. ఇంజిన్ తిప్పే బలం ఒక్క ఇసుమంత మారలే, తిరిగే వేగం మారింది. ప్రొపెల్లర్, ఆర్‌పీఎం మీటర్ మార్చే కిట్ అమ్మి, కంపెనీయే 160 విమానాన్ని 180 చేసింది.

కాబట్టి ఐఓ-360-ఎల్2ఏ ఎంత పవర్ అని ఎవరైనా అడిగితే, ఏ విమానంలో అని ఎదురు ప్రశ్న వేయాలి.

పేర్లు పెట్టే రూల్ ఉన్నా అది ఎక్కువ కాలం నిలవదు. మానుకోట స్టేషన్‌లో రైళ్లు చూస్తూ పెరిగినవాళ్లకు ఇది తెలిసే ఉంటది. డబ్ల్యూడీఎం-2 డీజిల్ ఇంజిన్ 2,600 హార్స్‌పవర్, అక్కడ 2 అంటే రెండో మోడల్. తర్వాత రైల్వే వాళ్లు రూల్ మార్చిన్రు: అంకె వేలు, అక్షరం వందలు. డబ్ల్యూడీఎం-3ఏ అంటే మూడు వేలు, ఏ అంటే ఇంకో వంద, మొత్తం 3,100. బాగుంది. ఆ లెక్కన 3డీ అంటే 3,400 కావాలి. ఉన్నది 3,300. విమానాల్లో రోటాక్స్ 912 ఇంకో రకం. ఒక 912కి 80, ఇంకో 912కి 100. ఆ 100 కూడా 5,800 ఆర్‌పీఎం దగ్గర ఐదు నిమిషాలే. ప్రొపెల్లర్ అంత స్పీడ్ తట్టుకోదు కాబట్టి మధ్యలో గేర్‌బాక్స్ పెడతరు. మన నేషనల్ ఏరోస్పేస్ లాబొరేటరీస్ చేసిన హన్సా-3లో ఉండే రోటాక్స్ 914 అయితే టర్బోతో ఐదు నిమిషాలు 115, ఆ తర్వాత 100. 67 వాట్స్ చార్జర్ గుర్తొచ్చిందా.

ఇంతవరకూ చెప్పిన నంబర్లన్నిటికీ ఇంకో షరతు ఉంది. సముద్ర మట్టం, 15 డిగ్రీల వేడి. వరంగల్‌లో 15 డిగ్రీలు మేలో ఎప్పుడు ఉంటయ్ చెప్పండి.

వరంగల్ పక్కన మామునూరు ఎయిర్‌పోర్ట్ 1930లో నిజాం కాలంలో కట్టింది. 1981 దాకా విమానాలు దిగినయ్, తర్వాత ఆగిపోయినయ్. 2025లో మళ్లీ తెరవడానికి కేంద్రం ఒప్పుకుంది. అది సముద్ర మట్టానికి దాదాపు వెయ్యి అడుగుల ఎత్తులో ఉందనుకుందాం. మే మధ్యాహ్నం 42 డిగ్రీలు. వేడి గాలి పలచబడతది. ఇంజిన్‌కి ఆ గాలి ఎట్ల అనిపిస్తదంటే నాలుగున్నర వేల అడుగుల కొండ మీద ఉన్నట్టు. టర్బో లేని ఇంజిన్ పదో వంతుకు పైగా బలం పోగొట్టుకుంటది. రెక్కలకూ ప్రొపెల్లర్‌కూ అదే పలచ గాలి, కాబట్టి దెబ్బ మూడు వైపుల నుంచి. జనగామ బోరు మోటర్‌కి లో వోల్టేజీ ఎట్లనో, విమానం ఇంజిన్‌కి ఎండాకాలం గాలి అట్ల.

మన దుండిగల్ ఎయిర్ ఫోర్స్ అకాడమీలో ఏళ్ల తరబడి క్యాడెట్లు నేర్చుకున్న విమానం హెచ్‌పీటీ-32 దీపక్. ఇంజిన్ లైకమింగ్ ఏఈఐఓ-540-డీ4బీ5. ఇప్పుడు మీరే చదవగలరు: ఏరోబాటిక్, ఇంజెక్షన్, ఎదురెదురు సిలిండర్లు, 540 క్యూబిక్ అంగుళాలు. పవర్ 260, అది పేరులో ఎక్కడా లేదు. డీ4బీ5 అంటే ఇంజిన్ ముందు భాగం, వెనక బిగించే పరికరాలు, క్రాంక్‌షాఫ్ట్ బరువులు ఏ రకమో చెప్పే కోడ్. కాగితం మీద మంచి ఇంజిన్. కానీ ఈ విమానంలో గాల్లో ఉండగా ఇంజిన్ ఆగిపోయే సమస్య ఏళ్లకేళ్లు వెంటాడింది, ఇంధనం సరిగ్గా అందక. 2009 జూలై 31న అప్పటి మెదక్ జిల్లాలో ఒక దీపక్ కూలి ఇద్దరు స్క్వాడ్రన్ లీడర్లు చనిపోయిన్రు. ఆ తర్వాత మొత్తం దీపక్‌లను ఆపేసిన్రు. 2013 నుంచి దుండిగల్‌లో స్విట్జర్లాండ్ పిలాటస్ పీసీ-7 మార్క్-2లు వచ్చినయ్, 700 హార్స్‌పవర్ టర్బోప్రాప్‌తో.

260 రేటింగ్ ఉన్న ఇంజిన్ ఆ క్షణంలో ఇచ్చిన పవర్ సున్నా. ఆ సంఖ్య ఏ ప్లేట్ మీదా ఉండదు. ఇంజిన్ ఒక్కటే బాగుంటే సరిపోదు, దానికి పెట్రోల్ తెచ్చే గొట్టం, అది బిగించిన తీరు, పక్కన ఉన్న వేడి, అన్నీ కలిస్తేనే పవర్. 1917లో సిలిండర్ పోత, తొంభై ఏళ్ల తర్వాత ఇంధన సరఫరా. రెండుసార్లూ మూల్యం కట్టింది కాక్‌పిట్‌లో కూర్చున్నోళ్లు.

మరి పైలట్‌కి నిజం పవర్ ఎట్ల తెలుస్తది? చిన్న విమానంలో హార్స్‌పవర్ మీటర్ ఉండదు. ఉన్నది ఆర్‌పీఎం మీటర్. రన్‌వే మొదట్లో ఫుల్ థ్రాటిల్ ఇచ్చి చూస్తరు. 172ఎస్ అయితే నిలబడి ఉన్నప్పుడు 2,300 నుంచి 2,400 మధ్య రావాలి. తక్కువ వస్తే ఇంజిన్‌లో ఏదో తేడా ఉన్నట్టు, టేకాఫ్ బంద్. ఇప్పుడు మన 15 లెక్క వేయండి. 2,300ని 15తో భాగిస్తే 153. అంటే 180 హార్స్‌పవర్ అని రాసిన విమానం, పరుగు మొదలుపెట్టే క్షణాన, చల్లని సముద్ర తీరంలో కూడా 150 చిల్లరే ఇస్తోంది. స్పీడ్ అందుకున్నాక ప్రొపెల్లర్ తేలికై ఆర్‌పీఎం పెరుగుతది, అప్పుడు మిగతాది వస్తది. మామునూరులో మే నెల అయితే ఆ 153 కాస్తా 140 కిందికి దిగినా ఆశ్చర్యం లేదు. అందుకే విమానంతో ఇచ్చే పుస్తకంలో వేడిని బట్టి, ఎత్తును బట్టి, బరువును బట్టి ఎంత రన్‌వే కావాలో పట్టికలు ఉంటయ్. పైలట్ ఎగిరే ముందు వేలు పెట్టి చూసుకునేది ఆ పట్టికనే.

వచ్చే ఎపిసోడ్‌లో డెక్కన్ ఎయిర్‌వేస్ కథ. నిజాం సర్కారు, టాటా వాళ్లు కలిసి పెట్టిన కంపెనీ, డకోటా విమానాలు. వాటి ఇంజిన్ పేరు ఆర్-1830. ఆర్ అంటే సిలిండర్లు ప్రొపెల్లర్ చుట్టూ రేకుల్లా ఉండే రేడియల్. 1830 అంటే ఏందో, పవర్ ఎంతో ఈపాటికి మీరే చెప్పగలరు. ఉంటా మరి.